కోత రోజు ఎవరు చెప్పాలి?



చెరుకు కోతలు నడుస్తున్న రోజులివి. నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో మిగిలిన చెరుకు తోటల నుంచి మాగి వైపు, అడ్లూరు ఎల్లారెడ్డి వైపు ట్రాక్టర్లు వెళ్తున్నాయి. సరిగ్గా ఇదే కాలంలో మనకు పడమట, గోదావరి పుట్టిన నాసిక్ జిల్లాలో ఇంకో కోత మొదలవుతుంది. అది ద్రాక్ష కోత. మనం బజారులో కొనుక్కుని తినే ద్రాక్ష ఇంకా పుల్లగానే ఉంటుంది, దాని కోతకు వారాలు పడుతుంది. ముందుగా తెంపేది స్పార్క్లింగ్ వైన్‌కు వెళ్లే ద్రాక్షను. సీసా మూత తీయగానే బుడగలు పొంగుతాయే, ఆ వైన్‌కు.

తాగుడు గురించి మాట్లాడడానికి నేను ఇక్కడికి రాలేదు. నాకు కావలసింది పంట, దాన్ని కోసే రోజు, ఆ రోజును నిర్ణయించే మనిషి. చెరుకు పండించి దెబ్బతిన్న ప్రాంతం మనది. ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో తెలుసుకోవడానికి పక్క పంట కోతను ఒకసారి దగ్గరగా చూడడం పనికొస్తుందని నా నమ్మకం.

ముందు నీళ్ల సంగతి. నాసిక్ దగ్గర గంగాపూర్ డ్యామ్ గోదావరి మీదే ఉంది. సులా అనే వైన్ కంపెనీ ద్రాక్ష తోటలు ఆ డ్యామ్ పరిసరాల్లోనే ఉన్నాయి. ఫ్రాన్స్‌కు చెందిన షాండాన్ కంపెనీ 2013లో మన దేశంలో స్పార్క్లింగ్ వైన్ మొదలుపెట్టింది నాసిక్ జిల్లాలోని దిండోరిలో. అదీ గోదావరి పరీవాహకమే. ఆ నది మహారాష్ట్ర అంతా దాటి మన రెంజల్ మండలం కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. అక్కడే మంజీర వచ్చి కలుస్తుంది. మంజీర మీద కట్టిందే నిజాంసాగర్. అంటే ద్రాక్షను తడిపిన నీళ్లూ, బోధన్ చెరుకును తడిపిన నీళ్లూ కలిసేది మన కందకుర్తిలో. నాసిక్ కబురు మనకు పరాయిది కాదనడానికి ఇది చాలు.

ఇప్పుడు కోత దగ్గరికి వద్దాం. చెరుకు పండిందా లేదా అని చూసే చేతి పరికరం ఒకటుంది. రైతులు బ్రిక్స్ మీటరు అంటారు. జానెడు గొట్టం, ఒక చివర ఏటవాలు గాజు పలక, రెండో చివర కన్ను పెట్టి చూసే అద్దం. గడకు చిల్లు పొడిచి, రసం రెండు చుక్కలు గాజు మీద వేసి, మూత మూసి, వెలుతురు వైపు తిప్పి చూస్తే లోపల పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి. రెండూ కలిసే గీత ఏ అంకె మీద నిలిస్తే అది ఆ రసం బ్రిక్స్. వంద గ్రాముల రసంలో కరిగి ఉన్న పదార్థం సుమారు ఎన్ని గ్రాములో ఆ అంకె చెబుతుంది. అందులో ఎక్కువ భాగం చక్కెరే. జర్మనీకి చెందిన అడాల్ఫ్ బ్రిక్స్ అనే గణిత పండితుడు పంతొమ్మిదో శతాబ్దంలో ఈ కొలతను చక్కెర ద్రావణాల మీద లెక్కగట్టి స్థిరపరిచాడు. ఈనాడు ద్రాక్ష రైతు చేతిలో ఉన్నదీ అదే కొలత.

చెరుకులో ఒక్క గడను ఒక్క చోట పొడిచి చూస్తే సరిపోదు. చక్కెర మొదలు దగ్గరి కణుపుల్లో ముందు నిండుతుంది, తర్వాత పైకి ఎక్కుతుంది. అందుకే మొదట్లో, నడుమ, కొసలో మూడు చోట్ల చూడాలి. మొదట్లో 20 ఉండి కొసన 14 ఉంటే ఆ తోట ఇంకా పచ్చిదే. రెండు అంకెలూ దాదాపు సమానానికి వచ్చినప్పుడు కోతకు వచ్చినట్టు. రాత్రుళ్లు చలి, పగలు పొడి ఎండ, నీటి తడి తగ్గించిన నేల, ఈ మూడూ కుదిరితే చక్కెర బాగా కడుతుంది. మోడు నుంచి మళ్లీ మొలిచిన కార్శి తోట, కొత్తగా నాటిన మొక్క తోటకంటే ముందే పండుతుంది. మంచి రైతు గడను నేలకు ఆనించి నరికిస్తాడు, ఎందుకంటే చక్కెర ఎక్కువగా ఉన్న జానెడు మోడులో ఉండిపోకూడదు.

స్పార్క్లింగ్ వైన్ ద్రాక్షకు ఈ లెక్క తలకిందులు. చెరుకు రైతు చక్కెర నిండే దాకా ఆగుతాడు. ఈ ద్రాక్ష రైతు చక్కెర నిండకముందే తెంపుతాడు. మామూలు ఎర్ర వైన్‌కు 23, 24 బ్రిక్స్ దాకా పండనిస్తారు. స్పార్క్లింగ్‌కు 18 దగ్గర, ఒక్కోసారి అంతకంటే ముందే కోసేస్తారు. దానికి కారణం రెండు దఫాల పులియడం. మొదటిసారి తొట్లలో పులిసినప్పుడు ద్రాక్షలో ఉన్న చక్కెర అంతా ఆల్కహాల్ అవుతుంది, 10 శాతం చిల్లర వస్తుంది. రెండోసారి మూసిన సీసాలోనే పులియాలి, అప్పుడు ఇంకో ఒకటింబావు శాతం కలుస్తుంది. మొదటే ఎక్కువ చక్కెరతో తెంపితే ఆల్కహాల్ హద్దు మీరి, రెండోసారి ఈస్ట్ పని చేయడానికి మొరాయిస్తుంది. అంతకంటే ముఖ్యం పులుపు. బుడగల వైన్‌కు ప్రాణం పులుపే. ద్రాక్షలో చక్కెర పెరిగేకొద్దీ పులుపు తరుగుతుంది, ఎండ దెబ్బకు ఇంకా వేగంగా తరుగుతుంది. మన దక్కన్ ఎండలో ఆ తరుగు రోజుల్లో తేలిపోతుంది. నాలుగు రోజులు ఆలస్యమైతే ఆ తోట ద్రాక్ష స్పార్క్లింగ్‌కు పనికిరాకుండా పోవచ్చు.

చలిదేశాల్లో ద్రాక్ష తీగ మంచు కాలంలో నిద్రపోతుంది. దక్కన్‌లో దానికి నిద్ర లేదు. అందుకని ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో ఒకసారి, కొత్త కొమ్మ రావడానికి. వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో రెండోసారి, కాయ పట్టడానికి. రెండో కత్తిరింపు ఏ రోజు వేశామన్నదాన్ని బట్టే కోత ఎప్పుడొస్తుందో ముందే లెక్క తేలుతుంది. స్పార్క్లింగ్ కోత డిసెంబరు చివర, జనవరిలో చలి ఉండగానే మొదలవుతుంది. షెనిన్ బ్లాంక్, షార్డొనే, పినో న్వార్ వంటి రకాలు వేస్తారు. ఎండ ఎక్కకముందే, తెల్లవారుజామున తెంపుతారు. గుత్తిని కాడతో సహా కత్తెరతో కోసి, ఒకదాని మీద ఒకటి నలగకుండా ప్లాస్టిక్ క్రేట్లలో పేర్చి, ఆ పూటే ప్రెస్‌కు చేరుస్తారు. పండు పగిలితే రసానికి తొక్క రంగు, వగరు అంటుకుంటాయి. పినో న్వార్ నల్ల ద్రాక్షే అయినా దాని రసం తెల్లనిది. గుత్తిని విడదీయకుండా మెత్తగా పిండితేనే ఆ తెలుపు దక్కుతుంది.

ఇక్కడ మన చక్కెర కథలోకి వస్తుంది. అంత జాగ్రత్తగా పచ్చిగా కోసిన ద్రాక్షకు బుడగలు వాటంతట అవి రావు. మొదటి పులియడం అయ్యాక ఆ వైన్‌ను సీసాల్లో పోసి, లీటరుకు 24 గ్రాముల చక్కెర, కొంచెం ఈస్ట్ కలిపి బిగిస్తారు. ముప్పావు లీటరు సీసాకు 18 గ్రాములు, అంటే నాలుగు చెంచాలు. అది చెరుకు చక్కెరైనా సరే, బీట్ చక్కెరైనా సరే. ఈస్ట్ ఆ చక్కెరను తిని వాయువు వదులుతుంది. బయటికి దారి లేక ఆ వాయువు వైన్‌లోనే కరిగిపోతుంది. చివరికి సీసా లోపల ఒత్తిడి ఆరు వాతావరణాలకు చేరుతుంది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి రెండింతల పైమాటే. ఆ పొంగంతా ఆ నాలుగు చెంచాల చక్కెరదే.

తర్వాత సీసాలు నెలల తరబడి చీకటి గదిలో పడుకుంటాయి. ఫ్రాన్స్‌లో షాంపేన్ ప్రాంతపు చట్టం ప్రకారం మామూలు షాంపేన్‌కు కనీసం 15 నెలలు. ఆపైన సీసాను తలకిందులుగా వంచుతూ, రోజూ కొంచెం కొంచెం తిప్పుతూ చనిపోయిన ఈస్ట్ మడ్డిని మూతి దగ్గరికి తెస్తారు. మూతిని మంచులా గడ్డకట్టించి మూత తీస్తే ఆ ఒత్తిడికి మడ్డి ముక్క ఒక్కసారిగా బయటికి ఎగురుతుంది. ఆ ఖాళీలో మళ్లీ కొంచెం వైన్, కొంచెం చక్కెర కలిపి కార్కు బిగిస్తారు.

ఈ బుడగల వైన్‌ను డాం పెరిన్యాన్ అనే ఫ్రెంచి సన్యాసి కనిపెట్టాడని ప్రచారం. ఆయన 1668లో ఓవిలేర్ మఠానికి వెళ్లాడు. అంతకు ఆరేళ్ల ముందే, 1662 డిసెంబరులో, లండన్ రాయల్ సొసైటీకి క్రిస్టఫర్ మెరెట్ అనే వైద్యుడు ఒక పత్రం సమర్పించాడు. ఇంగ్లండు వైన్ వ్యాపారులు వైన్‌లో చక్కెర, మొలాసిస్ కలిపి దాన్ని పొంగేలా చేస్తున్నారని అందులో రాశాడు. చక్కెర, మొలాసిస్! మన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గేటు దాటి బయటికి వచ్చిన రెండు సరుకులూ అవే కదా. ఆ రోజుల్లో ఇంగ్లండుకు ఆ చక్కెర ఎక్కువగా బార్బడోస్ దీవి నుంచి వచ్చేది. అక్కడ చెరుకు నరికింది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. ఆ మాట మెరెట్ పత్రంలో ఉండదు. మనం మాత్రం గుర్తు పెట్టుకోవాలి, కోత చేసే మనుషుల గురించి నేను తర్వాత చెప్పబోయే సంగతికి అది సంబంధించింది.

చక్కెర ఎంత వేయాలో తెలియని కాలంలో సీసాలు గదుల్లో వాటంతట అవే పేలేవి. పనివాళ్లు ఇనుప ముసుగులు తొడుక్కుని లోపలికి వెళ్లేవాళ్లు. 1836లో షాలోన్ పట్టణానికి చెందిన ఫ్రాన్స్వా అనే మందుల తయారీదారు, వైన్‌లో మిగిలి ఉన్న చక్కెరను ముందు కొలిచి, ఇంకెంత కలపాలో లెక్క చెప్పే పద్ధతి కట్టాడు. అప్పటి నుంచి పేలుళ్లు తగ్గాయి, వ్యాపారం పెరిగింది. కొలత వచ్చాకే ఆ పరిశ్రమ నిలబడింది.

ఇప్పుడు మన ఊరికి వస్తాను.

మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931కి పూర్తయింది. నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూర్ చీఫ్ ఇంజనీరు. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీరివ్వాలని కాలువలు తవ్వారు. నీళ్లు వచ్చిన ఆరేళ్లకు, 1937లో, బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొంది. ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. కంపెనీకి సొంత ఫారాలే వేల ఎకరాల్లో ఉండేవి. చుట్టూ ఊళ్ల రైతులు అగ్రిమెంటు రాసిచ్చి చెరుకు వేసేవాళ్లు. రుద్రూరులో చెరుకు, వరి పరిశోధన కేంద్రం వచ్చింది. కాలనీ, ఆసుపత్రి, బడి, ఆటస్థలం, క్రషింగ్ మొదలైతే రాత్రంతా ఆరని దీపాలు. ఆ వైభవం గురించి మన జిల్లాలో చెప్పుకున్నంతగా ఇంకే కర్మాగారం గురించీ ఎవరూ చెప్పుకోరు. నేను వైభవం జోలికి ఎక్కువ పోను. కోత రోజు గురించే చెబుతాను.

చెరుకు పండిందో లేదో రైతుకు కంటికి తెలుస్తుంది, నాలుకకు తెలుస్తుంది. కానీ పండిన రోజున కోయడానికి వీలు లేదు. ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ రావాలి. ఇందులో ఫ్యాక్టరీ వైపు న్యాయం ఉంది, అది ఒప్పుకోవాలి. మిల్లు రాత్రింబవళ్లు ఆగకుండా ఆడాలి, రోజుకు ఇన్ని టన్నులే పిండగలదు. తోటలన్నీ జనవరిలోనే బాగా పండుతాయని అన్నీ జనవరిలోనే కోస్తే కాటా దగ్గర చెరుకు ఎండిపోతుంది. కాబట్టి నవంబరులో కొందరివి పచ్చిగా కోయాలి, మార్చి, ఏప్రిల్‌లో కొందరివి ముదిరాక కోయాలి. ఎవరో ఒకరు నష్టపోక తప్పదు. కటింగ్ ఆర్డర్ అంటే ఆ నష్టాన్ని పంచిపెట్టే కాగితం. పలుకుబడి ఉన్నవాడికి మంచి వారం, లేనివాడికి చివరి వారం పడిందన్న మాట చెరుకు పండించిన ఏ ఊళ్లో అడిగినా వినిపిస్తుంది. ఏ ఒక్క ఫ్యాక్టరీనో వేలెత్తి చూపడానికి ఈ మాట అనడం లేదు. చెరుకు ఉన్న ప్రతిచోటా ఉన్న తగాదా ఇది.

కోశాక గడియారం ఇంకా వేగంగా తిరుగుతుంది. గడ నరికిన గంట నుంచే అందులోని చక్కెర విడిపోవడం మొదలుపెడుతుంది. గడలోనే ఉన్న ఎంజైము దాన్ని గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది. నాలుకకు అది తియ్యగానే ఉంటుంది కానీ పలుకు కట్టదు, మొలాసిస్‌లోకి పోతుంది. నరికిన చోటి నుంచి సూక్ష్మజీవులు దూరి జిగురు పుట్టిస్తాయి, మిల్లులో రసం వడకట్టడమే కష్టమవుతుంది. వేసవి ముదిరాక తూకమూ పోతుంది, చక్కెరా పోతుంది. అందుకే నరికిన 24 గంటల్లో గానుగకు చేరాలంటారు. ద్రాక్షకు గంటల లెక్క, చెరుకుకు ఒక్క రోజు లెక్క. రెండూ యంత్రం పక్కనే ఉండాల్సిన పంటలు.

ఆ యంత్రమే మనకు దూరమైంది. 2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లి, అది నిజాం దక్కన్ షుగర్స్ అయింది. 2015 డిసెంబరులో మూతపడింది. బోధన్‌తో పాటు మెట్‌పల్లి, ముంబోజిపల్లి యూనిట్లు కూడా. సారంగాపూర్ సహకార చక్కెర కర్మాగారం అంతకు ముందే ఆగిపోయింది. అప్పటికే ఎగువన సింగూరు కట్టి మంజీర నీళ్లలో పెద్ద వాటా హైదరాబాదు తాగునీటికి ఇచ్చారు, నిజాంసాగర్‌లో పూడిక పేరుకుంది. ఏడాది పొడుగునా తడి కావాల్సిన పంటకు ఆ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని పరిస్థితి. రైతులు వరికి, సోయాకు, మక్కకు, పసుపుకు మళ్లారు. చెరుకు వదలని కొద్దిమంది దూరపు ఫ్యాక్టరీలకు తోలుతున్నారు. దూరం పెరిగిన ప్రతి మైలుకూ గడలో చక్కెర తరుగుతూనే ఉంటుంది.

మరి ద్రాక్ష దేశం వాళ్లు ఈ చిక్కును ఎలా విప్పుకున్నారు? షాంపేన్ ప్రాంతంలో 16 వేల పైచిలుకు ద్రాక్ష రైతులున్నారు. తోటల్లో దాదాపు 90 శాతం వాళ్లవే. పెద్ద పెద్ద వైన్ కంపెనీలు ఆ రైతుల దగ్గర కొనుక్కోవాల్సిందే. 1941లో రైతులూ కంపెనీలూ సరిసమానంగా కూర్చునే ఒక సంఘం ఏర్పడింది. ఏటా ఆగస్టు నుంచి వందలాది తోటల్లో వారానికి రెండుసార్లు గుత్తులు తెంపి చక్కెర, పులుపు కొలుస్తారు. ఈ కొలతల వల 1956 నుంచి నడుస్తోంది. ఆ అంకెలు అందరి ముందూ ఉంటాయి. వాటిని బట్టి ఊరి వారీగా, ద్రాక్ష రకం వారీగా కోత మొదలుపెట్టే తేదీని ప్రకటిస్తారు. ఆ ఏడు హెక్టారుకు ఎన్ని కిలోలు కోయవచ్చో కూడా రైతులూ కంపెనీలూ కలిసే ఖాయం చేస్తారు. 4,000 కిలోల ద్రాక్ష నుంచి 2,550 లీటర్ల రసమే తీయాలి, అందులో మొదటి 2,050 లీటర్లు మేలు రకం. పిండే కేంద్రాలు ఊళ్ల మధ్యనే దాదాపు 1,800 ఉన్నాయి. తెంపిన గుత్తి సాయంత్రానికి అక్కడికి చేరిపోతుంది.

నాకు వాళ్ల వైన్ మీద కంటే ఆ తేదీ ప్రకటన మీద ఎక్కువ గౌరవం. తేదీ చెప్పే బల్ల దగ్గర రైతుకు సగం కుర్చీలున్నాయి.

మన లెక్క ఎలా ఉందో చూడండి. 2025–26 సీజన్‌కు కేంద్రం చెరుకుకు క్వింటాలుకు 355 రూపాయల ధర కట్టింది. అది 10.25 శాతం రికవరీకి. అంటే వంద కిలోల చెరుకు నుంచి పదింబావు కిలోల చక్కెర వస్తే. అంతకు మించి వచ్చే ప్రతి 0.1 శాతానికీ 3 రూపాయల 46 పైసలు అదనం. వినడానికి బాగుంది. కానీ ఆ రికవరీ ఫ్యాక్టరీ మొత్తానికి కట్టిన సగటు. మీ తోటలో బ్రిక్స్ 21 ఉన్నా, పక్క తోటలో 16 ఉన్నా, కాటా మీద రెండు బండ్లకూ టన్నుకు ఒకటే రేటు. నీళ్లు ఆపి, పండనిచ్చి, ఆకు దులిపి, కొస సరిగా నరికి తెచ్చిన రైతుకు ఆ శ్రమ తాలూకు రూపాయి ప్రత్యేకంగా దక్కదు. పచ్చి చెరుకు కోయమని ఆర్డరు వచ్చినవాడికీ, ఎండిన చెరుకు కాటా దగ్గర నిలబెట్టుకున్నవాడికీ నష్టపరిహారం లేదు. 1966 చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం డబ్బు 14 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ కట్టాలి. ఆ వడ్డీ చేతికి అందిన రైతులు ఎంతమందో ఈ ప్రసంగం వింటున్న మీకే బాగా తెలుసు.

ఇక కోసే మనుషులు. మంజీర పుట్టింది మహారాష్ట్ర బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో. ఆ జిల్లా నుంచే లక్షల మంది ఏటా చెరుకు కోతకు వలస పోతారు. భార్యాభర్తలను ఒక జంటగా లెక్కగట్టి, ముందుగా అడ్వాన్సు ఇచ్చి కట్టేసుకుంటారు. ఒక రోజు పని మానితే జరిమానా. నెలసరి వచ్చినా, కడుపులో బిడ్డ ఉన్నా మోపు ఎత్తాల్సిందే. ఆ భయంతోనే చిన్న వయసులో గర్భసంచి తీయించుకున్న స్త్రీల సంగతి 2019లో బయటపడి మహారాష్ట్ర ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. బీడ్‌లో సర్వే చేసిన 82 వేల పైచిలుకు స్త్రీలలో 13 వేల మందికి పైగా ఆ ఆపరేషన్ అయిందని తేలింది. ఇది చదివిన రోజు నుంచి చక్కెర డబ్బా మూత తీసినప్పుడల్లా నాకు ఆ అంకె గుర్తొస్తుంది.

షాంపేన్‌లో అంతా బాగుందని నేను చెప్పను. అక్కడ యంత్రంతో కోయకూడదు, గుత్తి చెదరకూడదు కాబట్టి చేత్తోనే తెంపాలి. ఏటా లక్షకు పైగా కూలీలు కావాలి. 2023 సెప్టెంబరు ఎండల్లో కొందరు కూలీలు కోతలోనే ప్రాణాలు వదిలారు. అదే ఏడు పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన యాభైకి పైగా మనుషులను తిండి, నీళ్లు సరిగా లేని కొంపల్లో కుక్కి పని చేయించారు. ఆ కేసులో 2025లో షాలోన్ కోర్టు ముగ్గురికి మనుషుల అక్రమ రవాణా నేరం కింద శిక్ష వేసింది. చక్కెర కొలిచి సీసాలు పేలకుండా కాపాడిన ఊరు అదే షాలోన్. తేదీ నిర్ణయించే బల్ల దగ్గర రైతుకు కుర్చీ వేశారు కానీ కూలీకి ఇంకా వేయలేదు.

కొందరు యువ రైతులు నన్ను అడుగుతుంటారు, నాసిక్‌లో లాగా మనమూ వైన్ ద్రాక్ష వేస్తే ఎలా ఉంటుందని. ద్రాక్ష తెలంగాణకు కొత్త కాదు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదుకు పరిచయం చేసిన అనాబెషాహీ ఒకప్పుడు నగరం చుట్టూ పందిళ్లు పందిళ్లుగా కాసేది. హెక్టారుకు 90 టన్నులు దాటిన రికార్డు దానిది. నగరం పెరిగి, భూముల ధరలు పెరిగి ఆ పందిళ్లు చాలావరకు ప్లాట్లయ్యాయి. అనాబెషాహీలో చక్కెర తక్కువే కదా, స్పార్క్లింగ్‌కు తక్కువ చక్కెరే కావాలి కదా అనిపించవచ్చు. కానీ విపరీతమైన కాపు వల్ల పలచబడ్డ రసం వేరు, పులుపు నిండుగా ఉండగా ముందే తెంపిన రసం వేరు. మన దగ్గర నాసిక్ అంత ఎత్తు లేదు, ఆ చలి రాత్రులూ లేవు. వీటన్నిటికంటే పెద్ద మాట, గంటల దూరంలో ప్రెస్ లేదు. కొనే యంత్రం పక్కన లేకుండా ఇలాంటి పంట వేయడం ఎంత ప్రమాదమో బోధన్ రైతుకు ఇంకొకరు చెప్పాలా? నా సలహా అడిగితే వద్దనే అంటాను.

బోధన్ ఫ్యాక్టరీని మళ్లీ తెరవాలన్న మాట ఎన్నికల్లోనూ వినిపిస్తుంది, ఎన్నికల తర్వాతా వినిపిస్తుంది. తెరవాలి. నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. అయితే కొత్త రోలర్లు, కొత్త బాయిలర్ గురించి మాట్లాడేటప్పుడే కోత పట్టిక గురించీ మాట్లాడాలి. ఏ ఊరి చెరుకు ఏ వారం కోయాలో నిర్ణయించే కమిటీలో రైతులు సగమైనా ఉండాలి. ఊరూరా బ్రిక్స్ చూసి ఆ అంకెలు పంచాయతీ గోడ మీద రాయాలి. పచ్చిగా కోయమన్నవాడికీ, చివరి వారం దాకా ఆగమన్నవాడికీ ఇంత అని ముందే ఖాయం చేసి అదనంగా ఇవ్వాలి. కోతకు వచ్చిన కుటుంబాలకు గుడిసె నీడ, తాగునీళ్లు, మరుగుదొడ్డి, నెలసరి రోజుల్లో జరిమానా లేని సెలవు, ఇవి అగ్రిమెంటు కాగితంలోనే ఉండాలి. ఫ్యాక్టరీ నిలబడ్డాక చూద్దాంలే అని వాయిదా వేస్తే ఆ తర్వాత ఎవరూ చూడరు.

ఈ సీజన్‌లో చెరుకు తోలుతున్న శ్రోతలకు ఒక పని చెప్పి ముగిస్తాను. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. అగ్రిమెంటు రాసిన తేదీ, కటింగ్ ఆర్డర్ వచ్చిన తేదీ, కత్తి పెట్టిన తేదీ, కాటా అయిన తేదీ, గంట, బ్యాంకులో డబ్బు పడిన తేదీ వరుసగా రాయండి. బ్రిక్స్ మీటరు ఖరీదైన వస్తువు కాదు, పది మంది కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. ఎలా చూడాలో తెలియకపోతే రుద్రూరు పరిశోధన కేంద్రానికి వెళ్లి అడగండి. కోతకు వారం ముందు తోటలో పది చోట్ల గడలు చూసి, మొదలు అంకె, కొస అంకె పక్కపక్కన రాసిపెట్టండి. వచ్చే వానాకాలంలో ఫ్యాక్టరీ వాళ్లు కొత్త అగ్రిమెంట్ల కోసం మీ ఊరికి వచ్చినప్పుడు నలుగురూ నాలుగు నోటుబుక్కులు ముందు పెట్టి మాట్లాడండి.